వెబ్‌సైట్లు రాసిన చేత్తోనే ఫోన్ యాప్ రాయడం ఎలా? పాల లెక్కతో మొదలుపెట్టి ఏపీకే (ఫోన్‌లో ఇన్‌స్టాల్ చేసుకునే ఫైలు) దాకా

"అన్నా, నాకు జావాస్క్రిప్ట్ వచ్చు, జావా రాదు, కోట్లిన్ రాదు. యాప్ చేయొచ్చా?" వారానికి ఒకరైనా ఇదే అడుగుతున్నారు. చేయొచ్చు. విడివిడిగా జవాబిచ్చీ ఇచ్చీ నోరు నొప్పి పుట్టింది, అందుకే అంతా ఒకచోట రాస్తున్నా. ఉదాహరణకి మా ఇంట్లో నిజంగా వాడుతున్న పాల లెక్క యాప్‌నే తీసుకుంటాను. రోజుకి ఎన్ని పాలు పోయించుకున్నాం, ఎన్ని రోజులు నాగా, నెలాఖరుకి ఎంత ఇవ్వాలి, అంతే దాని పని. సర్వర్ లేదు, లాగిన్ లేదు. మొదటి యాప్‌కి ఇంతకంటే పెద్దది పెట్టుకోకండి, మధ్యలో వదిలేస్తారు.

ముందు ఒక్క అపోహ తీసేద్దాం. మీ జావాస్క్రిప్ట్ ఏ మంత్రంతోనో జావాగా మారిపోదు. అది ఫోన్‌లో జావాస్క్రిప్ట్‌గానే నడుస్తుంది, రియాక్ట్ నేటివ్‌లో (రియాక్ట్ పద్ధతిలోనే ఫోన్ యాప్‌లు రాసే పనిముట్టు) అయితే దాన్ని నడిపే ఇంజిన్ పేరు హెర్మిస్. కానీ తెర మీద కనిపించే బటన్, అక్షరం, టైపు చేసే పెట్టె మాత్రం బ్రౌజర్ గీసినవి కావు, ఆండ్రాయిడ్‌వో ఐఫోన్‌వో సొంత ముక్కలే. అందుకే దీన్ని నేటివ్ అంటాం. కార్డోవా, కెపాసిటర్ లాంటివి వేరే దారి: అవి మీ వెబ్ పేజీని ఒక బ్రౌజర్ పెట్టెలో, అంటే వెబ్‌వ్యూలో, పెట్టి యాప్ అంటాయి. తప్పేమీ లేదు. మీ దగ్గర ఇప్పటికే బాగా నడుస్తున్న వెబ్‌సైట్ ఉండి దాన్నే ఫోన్‌లోకి తేవాలంటే అదే తెలివైన దారి. రియాక్ట్ అంటే అసలు పడనివాళ్ళకి నేటివ్‌స్క్రిప్ట్ ఉంది, దాంట్లో ఆండ్రాయిడ్ సొంత క్లాసుల్ని కూడా నేరుగా జావాస్క్రిప్ట్ నుంచే పిలవొచ్చు. నేను ఇక్కడ చెప్పేది మాత్రం రియాక్ట్ నేటివ్, దాని మీద ఎక్స్‌పో, అంటే ఆ యాప్‌ని మొదలుపెట్టడం, నడిపి చూడటం, బిల్డ్ చేయడం తేలిక చేసే పనిముట్లు. కారణం ఒకటే: ఇరుక్కుపోయినప్పుడు వెతికితే జవాబు దొరుకుతుంది.

కావలసినవి

- ఒక ల్యాప్‌టాప్. విండోస్, లినక్స్, మ్యాక్ ఏదైనా సరే. 8 జీబీ ర్యామ్ ఉంటే చాలు, ఎందుకంటే మనం ఆండ్రాయిడ్ స్టూడియో గానీ ఎమ్యులేటర్ (ల్యాప్‌టాప్‌లో నడిచే ఉత్తుత్తి ఫోన్) గానీ వాడటం లేదు.
- ఒక ఆండ్రాయిడ్ ఫోన్. ఖరీదైనది వద్దు, ఇంట్లో అందరికంటే పాత ఫోన్ ఏదో అదే బెస్ట్.
- నోడ్, వీఎస్ కోడ్ లాంటి ఎడిటర్, ఎక్స్‌పో వెబ్‌సైట్‌లో ఒక ఉచిత ఖాతా.
- రియాక్ట్‌లో కాంపోనెంట్, ప్రాప్స్, యూజ్‌స్టేట్, యూజ్‌ఎఫెక్ట్ అంటే ఏంటో తెలిసుండాలి. తెలియకపోతే ముందు ఒక వారం వెబ్‌లోనే రియాక్ట్ నేర్చుకుని రండి. రెండూ ఒకేసారి నేర్చుకుందామంటే తప్పు ఎక్కడ జరిగిందో కూడా అర్థం కాదు.

కమాండ్లన్నీ ఇక్కడ తెలుగు లిపిలోనే రాస్తున్నా. మీరు కొట్టేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో, చిన్న బడిలో కొట్టాలి.

1. పాత వీడియోలు మూసేయండి

ఇది నిజంగానే మొదటి అడుగు. రియాక్ట్ నేటివ్‌ని ఫేస్‌బుక్ 2015లో బయటికి వదిలింది. అప్పట్నుంచి లోపలి నిర్మాణం బాగా మారిపోయింది, 2024 అక్టోబరులో వచ్చిన 0.76 వెర్షన్‌తో కొత్త నిర్మాణమే డిఫాల్ట్ అయింది. మీరు చూస్తున్న వీడియోలో "ఎక్స్‌పో ఇనిట్" అన్నా, "ఎక్స్‌పో బిల్డ్ ఆండ్రాయిడ్" అన్నా, "ఎక్స్‌పో-సీఎల్ఐని గ్లోబల్‌గా ఇన్‌స్టాల్ చేయండి" అన్నా అది పాతది. అసింక్ స్టోరేజ్‌ని (ఫోన్‌లో డేటా దాచేది) రియాక్ట్ నేటివ్ నుంచే ఇంపోర్ట్ చేస్తున్నా పాతదే. సగం మంది నన్ను అడిగే "ఎర్రర్లు" ఇవే, వాళ్ళ కోడ్‌లో తప్పేమీ ఉండదు, వీడియో ముసలిదైపోయింది.

2. నోడ్ పెట్టుకుని ప్రాజెక్టు తెరవండి

నోడ్ సైట్‌లో ఎల్‌టీఎస్ అని రాసున్న వెర్షనే దించుకోండి. టెర్మినల్‌లో "నోడ్ -వి" కొడితే నంబరు రావాలి. రాకపోతే టెర్మినల్ మూసి మళ్ళీ తెరవండి.

తర్వాత డి డ్రైవ్‌లోనో సి డ్రైవ్‌లోనో పైనే ఒక పొట్టి పేరుతో ఫోల్డరు పెట్టుకోండి. పేరులో ఖాళీలు వద్దు, తెలుగు అక్షరాలు వద్దు, వన్‌డ్రైవ్‌తో సింక్ అయ్యే డెస్క్‌టాప్ అసలే వద్దు. నోడ్ మాడ్యూల్స్‌లో వేల ఫైళ్ళు ఉంటాయి, వన్‌డ్రైవ్ వాటన్నిటినీ మోసుకెళ్తూ కూర్చుంటుంది. పైగా విండోస్‌లో దారి పేరు 260 అక్షరాలు దాటితే కొన్ని పనులు అర్థంకాని ఎర్రర్‌తో ఆగిపోతాయి.

ఇప్పుడు ఆ ఫోల్డరులోకి వెళ్ళి "ఎన్‌పీఎక్స్ క్రియేట్-ఎక్స్‌పో-యాప్@లేటెస్ట్ పాలలెక్క --టెంప్లేట్ బ్లాంక్" అని కొట్టండి. పాలలెక్క అన్నచోట మీ యాప్ పేరు ఇంగ్లీషులో. చివర్న ఆ బ్లాంక్ మర్చిపోకండి. అది లేకపోతే టైప్‌స్క్రిప్ట్, ట్యాబులు, పది ఫోల్డర్లతో పెద్ద నమూనా ఒకటి వచ్చి కూర్చుంటుంది, కొత్తవాళ్ళు దాన్ని చూసే సగం భయపడతారు.

విండోస్ పవర్‌షెల్‌లో "ఈ సిస్టంలో స్క్రిప్టులు నడపడం ఆపేశారు" అన్న అర్థంలో ఎర్ర అక్షరాలొస్తే టెన్షన్ పడకండి, కమాండ్ ప్రాంప్ట్ తెరిచి అదే కమాండ్ అక్కడ కొట్టండి.

3. ఫోన్‌లో చూడండి

ఫోన్‌లో ప్లే స్టోర్ నుంచి ఎక్స్‌పో గో దించుకోండి, మీ ప్రాజెక్టుని ఫోన్‌లో నడిపి చూపించే యాప్ అది. ల్యాప్‌టాప్‌లో ప్రాజెక్టు ఫోల్డరులోకి వెళ్ళి "ఎన్‌పీఎక్స్ ఎక్స్‌పో స్టార్ట్". ఒక క్యూఆర్ కోడ్ వస్తుంది, దాన్ని ఎక్స్‌పో గోతో స్కాన్ చేయండి. యాప్.జేఎస్‌లో ఉన్న ఇంగ్లీషు వాక్యం తీసి "మా పాల లెక్క" అని రాసి సేవ్ చేయండి. ఫోన్‌లో ఒకట్రెండు క్షణాల్లో మారాలి. మారితే సగం గెలిచినట్టే.

మారదు. చాలామందికి ఇక్కడే ఆగిపోతుంది. ఈ వరసలో చూసుకోండి:

ఫోన్, ల్యాప్‌టాప్ రెండూ ఒకే వైఫైలో ఉన్నాయా? ఫోన్ మొబైల్ డేటా మీద ఉండిపోవడం నేను లెక్కలేనన్ని సార్లు చూశాను. రెండూ ఒకే వైఫైలో ఉన్నా రాకపోతే విండోస్ ఫైర్‌వాల్ నోడ్‌ని అడ్డుకుంటూ ఉండొచ్చు. వైఫై సెట్టింగుల్లో ఆ నెట్‌వర్క్‌ని పబ్లిక్ నుంచి ప్రైవేట్‌కి మార్చి, నోడ్‌కి అనుమతి ఇవ్వండి. హాస్టల్, కాలేజీ, ఆఫీసు వైఫైల్లో చాలాసార్లు ఒక పరికరం ఇంకో పరికరాన్ని చూడకుండా కట్టేసి ఉంచుతారు, అక్కడ ఈ సెట్టింగులు మార్చినా రాదు. ఇంకో ఫోన్‌తో హాట్‌స్పాట్ పెట్టి రెండిటినీ దానికే కలపండి. ఆఖరి మార్గం, స్టార్ట్ తర్వాత "--టనెల్" అని చేర్చడం. నెమ్మదిగా ఉంటుంది గానీ పని జరుగుతుంది.

"ఈ ప్రాజెక్టు ఎస్‌డీకే వెర్షన్ సరిపోదు" అని ఎక్స్‌పో గో అంటే (ఎస్‌డీకే అంటే ఇక్కడ ఎక్స్‌పో వెర్షన్ అనుకోండి), ఫోన్‌లో యాప్ పాతదైనా ఉండాలి, మీ ప్రాజెక్టు పాతదైనా ఉండాలి. పాత ప్రాజెక్టుని ఎవరి దగ్గర్నుంచో కాపీ చేసుకున్నప్పుడు ఎక్కువగా ఇదొస్తుంది.

4. తెర గీయండి, హెచ్‌టీఎంఎల్ మర్చిపోండి

డివ్ లేదు, పి లేదు, ఇన్‌పుట్ లేదు. డివ్ బదులు వ్యూ, అక్షరాలకి టెక్స్ట్, టైపు చేయడానికి టెక్స్ట్‌ఇన్‌పుట్, నొక్కడానికి ప్రెసబుల్. సీఎస్ఎస్ ఫైలు కూడా లేదు, జావాస్క్రిప్ట్ ఆబ్జెక్టుగా స్టైల్ ఇస్తాం. ఫ్లెక్స్‌బాక్స్ ఉంది కానీ వెబ్‌లో లాగా అడ్డంగా కాదు, పై నుంచి కిందకి పేర్చడమే ఇక్కడ డిఫాల్ట్. బటన్లు పక్కపక్కన రావాలంటే ఫ్లెక్స్ డైరెక్షన్ "రో" అని మీరే ఇవ్వాలి. కొలతల వెనక పిఎక్స్ రాయకూడదు, ఉత్త అంకె చాలు.

ఇక్కడ అందరూ చేసే తప్పులు మూడు.

ఒకటి, టెక్స్ట్ బయట అక్షరాలు రాయడం. "టెక్స్ట్ కాంపోనెంట్ లోపలే అక్షరాలుండాలి" అన్న ఎర్రర్‌తో ఎర్ర తెర వస్తుంది. మీరెక్కడా బయట రాయలేదంటారా? "ఎంట్రీల లెంగ్త్ && జాబితా" అని ఎక్కడైనా రాశారేమో చూడండి. జాబితా ఖాళీగా ఉంటే లెంగ్త్ 0, ఆ సున్నానే తెర మీదకి అక్షరంగా రావాలని చూస్తుంది. వెబ్‌లో ఓ సున్నా కనిపించి ఊరుకుంటుంది, ఇక్కడ యాపే పడిపోతుంది. "లెంగ్త్ > 0 &&" అని రాయండి.

రెండు, ఆన్‌ప్రెస్‌లో ఫంక్షన్ పేరు ఇవ్వడం బదులు బ్రాకెట్లు పెట్టి దాన్ని పిలిచేయడం. బటన్ ముట్టుకోకుండానే పాలు జమ అయిపోతుంటే కారణం ఇదే.

మూడు, తెర పైభాగం గడియారం కిందకి, కెమెరా చిల్లు కిందకి వెళ్ళిపోవడం. కొత్త ఆండ్రాయిడ్లలో యాప్ తెర మొత్తం ఆక్రమిస్తుంది కాబట్టి ఇది తప్పదు. సేఫ్ ఏరియా కాంటెక్స్ట్ అనే ప్యాకేజీ పెట్టుకుని మొత్తాన్ని దాంట్లో చుట్టండి. పైన 40 ప్యాడింగ్ ఇచ్చి సరిపెట్టకండి, మీ ఫోన్‌లో బాగుంటుంది, పక్కవాళ్ళ ఫోన్‌లో ఉండదు.

ఏ ప్యాకేజీ పెట్టుకున్నా "ఎన్‌పీఎం ఇన్‌స్టాల్" వద్దు, "ఎన్‌పీఎక్స్ ఎక్స్‌పో ఇన్‌స్టాల్" అనే కొట్టండి. మొదటిది అన్నిటికంటే కొత్త వెర్షన్ తెస్తుంది, రెండోది మీ ఎస్‌డీకేకి సరిపడేది తెస్తుంది. ఇప్పటికే కలగాపులగం అయిపోయిందా? "ఎన్‌పీఎక్స్ ఎక్స్‌పో-డాక్టర్" నడపండి, ఏది ఎక్కడ పొసగడం లేదో చెప్తుంది.

5. పాలు రాయించుకోండి, మిల్లీలీటర్లలో

టెక్స్ట్‌ఇన్‌పుట్ ఇచ్చేది ఎప్పుడూ స్ట్రింగే. కీబోర్డు అంకెలదే పెట్టినా సరే, వచ్చేది స్ట్రింగే. "1.5"కి "0.5" కలిపితే 2 రాదు, "1.50.5" వస్తుంది, దాన్ని మళ్ళీ అంకెగా మారిస్తే ఎన్‌ఏఎన్, అంటే "ఇది అంకె కాదు" అని. నెలాఖరున బిల్లు దగ్గర ఆ మూడక్షరాలు కనిపిస్తే ఇక్కడికి వచ్చి చూసుకోండి.

నేనైతే ఆ పెట్టెనే తీసేశాను. పావు, అర, ముప్పావు, లీటరు, నాగా అని ఐదు పెద్ద బటన్లు. పాలు పోయించుకునేటప్పుడు ఒక చేతిలో గిన్నె ఉంటుంది, రెండో చేత్తో దశాంశ బిందువు ఎవరు వెతుక్కుంటారు? లోపల 250, 500, 750, 1000, 0 అని మిల్లీలీటర్లలో దాచుకోండి. లీటరున్నర కావాలంటే లీటరు ఓసారి, అర ఓసారి నొక్కితే రెండూ కలవాలి. పూర్ణాంకాలు కాబట్టి 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వచ్చే గోల ఉండదు. రేటు కూడా పైసల్లో దాచుకుంటే ఇంకా మంచిది.

సరిచూసుకోవడానికి ఒక లెక్క: రోజుకి లీటరున్నర, లీటరు 70 రూపాయలు, 30 రోజుల నెల. 45 లీటర్లు, 3,150 రూపాయలు రావాలి. రెండు రోజులు నాగా పెడితే 42 లీటర్లు, 2,940. కాగితం మీద వేసుకున్నది, ఫోన్‌లో వచ్చింది ఒకటి కాకపోతే ముందుకెళ్ళకండి.

ఇంకోటి, జాబితాలోకి కొత్త ఎంట్రీని "పుష్" చేసి తెర మారలేదని కూర్చోకండి. రియాక్ట్‌కి కొత్త జాబితా ఇవ్వాలి, పాతదాంట్లోనే తోస్తే అది పట్టించుకోదు.

6. తేదీ దగ్గర జాగ్రత్త

ఈ తప్పు నాదే, కాబట్టి కాస్త వివరంగా చెప్తా. ఈరోజు తేదీ కావాలంటే అందరం ఏం చేస్తాం? "న్యూ డేట్", దానికి "టు ఐఎస్ఓ స్ట్రింగ్", అందులో మొదటి పదక్షరాలు. నేనూ అదే రాశాను. రాత్రి పదింటికి కూర్చుని పదిసార్లు పరీక్షించాను, బ్రహ్మాండంగా పనిచేసింది. అమ్మ ఫోన్‌లో పెట్టాక నెలాఖరుకి గొడవ మొదలైంది. "ఒక్కరోజు కూడా మానలేదురా పాలవాడు, మూడు నాగాలు చూపిస్తోందేంటి నీ యాప్?"

విషయం ఏమిటంటే ఆ ఫంక్షన్ ఇచ్చేది గ్రీనిచ్ సమయం. మనం దానికంటే ఐదున్నర గంటలు ముందున్నాం. తెల్లవారి 5:30 లోపు నొక్కితే దానికి ఇంకా నిన్నే. మా ఇంటికి పాలొచ్చేది ఐదింటికి! రోజూ ఐదింటికే నొక్కి ఉంటే లెక్క ఒకరోజు వెనక్కి జరిగి ఊరుకునేది. అమ్మ ఏ రోజైనా లేటుగా ఆరింటికి నొక్కితే అది సరైన తేదీకి పడేది, మధ్యలో ఒక రోజు ఖాళీ, మర్నాడు మళ్ళీ ఐదింటికి నొక్కింది పోయి ఆరింటి ఎంట్రీ మీదే పడేది. ఒకటో తారీఖు పాలు పోయిన నెలలోకి వెళ్ళేవి.

కాబట్టి గెట్ ఫుల్ ఇయర్, గెట్ మంత్, గెట్ డేట్ వాడి తేదీని మీరే కూర్చుకోండి. ఇవి ఫోన్ ఉన్నచోటి సమయాన్ని ఇస్తాయి. నెల 0 నుంచి మొదలవుతుంది, 1 కలపడం మర్చిపోవద్దు. ఒంటి అంకెలకి ముందు సున్నా పెట్టండి, లేకపోతే వరస తప్పుతుంది.

ఎలా చెక్ చేయాలి: ఫోన్ సెట్టింగుల్లో ఆటోమేటిక్ సమయం ఆపి, తెల్లవారి 4:45 పెట్టి ఒక ఎంట్రీ వేయండి. తర్వాత 6:00 పెట్టి ఇంకోటి. రెండూ ఒకే తేదీకి పడాలి. ఒకటో తారీఖు 4:45కి కూడా ఓసారి చూడండి. అయ్యాక సమయం మళ్ళీ ఆటోమేటిక్‌లో పెట్టండి, లేకపోతే వాట్సాప్ కూడా తిక్కతిక్కగా ప్రవర్తిస్తుంది.

7. దాచుకోండి, కానీ చెరిపేసుకోకండి

లోకల్ స్టోరేజ్ ఇక్కడ లేదు. దానికి బదులు అసింక్ స్టోరేజ్ ప్యాకేజీ. పేరు పొడుగ్గా ఉంటుంది, ఎక్స్‌పో డాక్యుమెంటేషన్‌లోంచి కాపీ చేసుకోండి. అది స్ట్రింగులే దాస్తుంది కాబట్టి పెట్టేటప్పుడు జేసన్ స్ట్రింగిఫై, తీసేటప్పుడు జేసన్ పార్స్. ప్రతి పిలుపుకీ ముందు అవైట్ ఉండాలి. మొదటిసారి తెరిచినప్పుడు లోపల ఏమీ ఉండదు, నల్ వస్తుంది, అప్పుడు ఖాళీ జాబితా తీసుకోండి.

ఇక్కడ ఒక గుంట ఉంది, చాలామంది పడతారు. యాప్ తెరవగానే చదవడానికి ఒక యూజ్‌ఎఫెక్ట్, జాబితా మారినప్పుడల్లా దాచడానికి ఇంకో యూజ్‌ఎఫెక్ట్ రాస్తారు. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. కానీ రెండోది యాప్ తెరవగానే కూడా నడుస్తుంది, అప్పటికి జాబితా ఇంకా ఖాళీ, ఆ ఖాళీ జాబితానే తీసుకెళ్ళి పాత లెక్కల మీద రాసేస్తుంది. చదవడం ముందు పూర్తయితే బతికిపోతారు, దాయడం ముందైతే నెల లెక్క గోవిందా. "లోడ్ అయింది" అని ఒక స్టేట్ పెట్టుకుని, అది నిజమైతేనే దాయండి. లేదా బటన్ నొక్కినచోటే దాచేయండి, చిన్న యాప్‌కి అదే తేలిక.

చెక్: పది ఎంట్రీలు వేసి, యాప్‌ని రీసెంట్స్‌లోంచి తోసేసి, మళ్ళీ తెరవండి. ఇదే ఐదారు సార్లు చేయండి. ఒక్కసారి చూసి వదిలేస్తే పై గుంట కనపడదు.

8. తెలుగు అక్షరాల సంగతి

ఇది ఇంగ్లీషు ట్యుటోరియల్స్‌లో ఉండదు. మన అక్షరాలకి కింద వత్తులు, పైన గుడులు ఉంటాయి. ఫాంట్ సైజు 20 పెట్టి లైన్ హైట్ కూడా 20 ఇస్తే "రాష్ట్రం", "కృష్ణ" లాంటి మాటల కాళ్ళు తెగిపోతాయి. లైన్ హైట్ ఫాంట్ సైజుకి ఒకటిన్నర రెట్లైనా ఇవ్వండి, లేదా అసలివ్వకండి. ఎత్తు బిగించిన బటన్లలో కూడా ఇదే జరుగుతుంది, ఎత్తు బదులు ప్యాడింగ్ ఇవ్వండి.

స్లైస్‌తో పేర్లు కత్తిరించకండి. జావాస్క్రిప్ట్ లెక్కలో "శ్రీ" ఒక అక్షరం కాదు, నాలుగు. "స్త్రీ" ఆరు. మధ్యలో కోస్తే పొల్లు వేలాడుతూ మిగులుతుంది. పేరు పొడుగైతే టెక్స్ట్‌కి నంబర్ ఆఫ్ లైన్స్ 1 అని ఇవ్వండి, ఎక్కడ ఆపి చుక్కలు పెట్టాలో ఫోనే చూసుకుంటుంది. నోటో శాన్స్ తెలుగు, మండలి, రామభద్ర లాంటి ఫాంట్లు పెట్టుకోవాలంటే పెట్టుకోవచ్చు, కానీ అప్పుడు ఫాంట్ వెయిట్ బోల్డ్ అంటే ఆండ్రాయిడ్‌లో పని చేయకపోవచ్చు. లావు రకానికి వేరే ఫైలు ఎక్కించి ఆ పేరుతో పిలవండి.

అంకెలకి "టు లొకేల్ స్ట్రింగ్" లోపల "ఈఎన్-ఐఎన్" అని ఇస్తే 1,00,000 అని మన పద్ధతిలో కామాలొస్తాయి. నెల జాబితాకి స్క్రోల్‌వ్యూ చాలు. ఏళ్ళ లెక్క ఒకే తెరలో చూపించాలంటే ఫ్లాట్‌లిస్ట్ వాడండి, అది కనిపించేవరకే గీస్తుంది.

9. ఏపీకే తీయండి

ఎక్స్‌పో గోలో నడిచింది యాప్ కాదు, రిహార్సల్. అసలుది ఇప్పుడు.

యాప్.జేసన్‌లో ఆండ్రాయిడ్ కింద ప్యాకేజీ పేరు పెట్టండి: కామ్, చుక్క, మీ పేరు, చుక్క, యాప్ పేరు, అన్నీ చిన్న బడిలో. ఆలోచించి పెట్టండి, ప్లే స్టోర్‌లోకి వెళ్ళాక దీన్ని మార్చలేరు. తర్వాత ఎక్స్‌పో వాళ్ళ బిల్డ్ సర్వీసు ఈఏఎస్‌ని వాడటానికి ఈఏఎస్-సీఎల్ఐ ఇన్‌స్టాల్ చేసుకుని (ఇది మాత్రం ఎన్‌పీఎంతో గ్లోబల్‌గానే), "ఈఏఎస్ లాగిన్", "ఈఏఎస్ బిల్డ్:కాన్ఫిగర్", చివరికి "ఈఏఎస్ బిల్డ్ -పి ఆండ్రాయిడ్ --ప్రొఫైల్ ప్రివ్యూ". కోడ్ వాళ్ళ సర్వర్లకి వెళ్ళి అక్కడ తయారవుతుంది. ఉచిత ఖాతాకి క్యూలో ఉండాలి, టీ తాగి రండి. కీస్టోర్ (యాప్ మీద సంతకం పెట్టే కీ ఉండే ఫైలు) తయారు చేయమంటారా అని అడిగితే అవుననండి.

ప్రివ్యూ అన్నచోట ప్రొడక్షన్ అని కొడితే ఏఏబీ వస్తుంది. అది ప్లే స్టోర్‌కి ఎక్కించడానికే, ఫోన్‌లో నేరుగా ఇన్‌స్టాల్ కాదు. "ఫైలు తెరుచుకోవడం లేదు" అని నాకు స్క్రీన్‌షాట్ పంపేవాళ్ళు దయచేసి ముందు ఫైలు పేరు చివర చూడండి.

ఏపీకే పదుల ఎంబీల్లో ఉంటుంది, ఖాళీ యాప్ అయినా సరే. రకరకాల ప్రాసెసర్లకి కావలసినవన్నీ ఒకే ఫైల్లో మోస్తుంది మరి. ప్లే స్టోర్ నుంచి దించుకున్నప్పుడు ఇంతకంటే తక్కువే అవుతుంది.

సొంత సిస్టంలోనే బిల్డ్ చేసుకోవాలంటే ఆండ్రాయిడ్ స్టూడియో, జావా కిట్ అన్నీ పెట్టుకోవాలి. 8 జీబీ ర్యామ్‌లో ఆ సరదా వద్దు.

10. పాత ఫోన్‌లో పరీక్ష

ఏపీకేని వాట్సాప్‌లో పంపుకుని ఇన్‌స్టాల్ చేయండి, తెలియని యాప్‌ల అనుమతి అడుగుతుంది, ఇవ్వండి. ఎక్స్‌పో గోలో వేసిన ఎంట్రీలు ఇందులో కనపడవు, అది వేరే యాప్, ఇది వేరే యాప్.

విమానం మోడ్‌లో తెరవండి. తెరుచుకోవాలి. ఫోన్ అక్షరాల సైజు బాగా పెంచి చూడండి, మన అమ్మానాన్నల ఫోన్లన్నీ అలాగే ఉంటాయి. బటన్ల మీద మాటలు విరిగిపోతున్నాయా? డార్క్ మోడ్‌లో నల్ల నేల మీద నల్ల అక్షరాలు పడ్డాయా? తర్వాత కోడ్‌లో ఏదో చిన్న మార్పు చేసి రెండో ఏపీకే తీసి, మొదటిదాన్ని తీసేయకుండా దాని మీదే ఇన్‌స్టాల్ చేయండి. పాత లెక్కలు అలాగే ఉండాలి. ఇన్‌స్టాల్ కానంటే సంతకం కీ మారిందన్నమాట, వేరే ఖాతాతోనో వేరే సిస్టంలోనో బిల్డ్ చేసుంటారు. అన్‌ఇన్‌స్టాల్ చేసి పెట్టేద్దామనుకోకండి, లెక్కలన్నీ దాంతోపాటే పోతాయి.

నేటివ్ అవునో కాదో కళ్ళతో చూడాలనుందా? సెట్టింగుల్లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్లు వస్తాయి. అందులో "షో లేఅవుట్ బౌండ్స్" ఆన్ చేసి మీ యాప్ తెరవండి. ప్రతి బటన్‌కీ ప్రతి మాటకీ విడివిడిగా గీతల పెట్టె కనిపిస్తుంది. వెబ్‌వ్యూ యాప్ తెరిస్తే పేజీ మొత్తానికీ ఒకటే పెట్టె. మీ ఫోన్‌లో ఉన్న యాప్‌లన్నిటినీ ఇలా తెరిచి చూడండి, భలే కాలక్షేపం.

ఎక్స్‌పో గోలో బాగుండి ఏపీకేలో తెరవగానే మూసుకుపోతుంటే, ముందు "ఎన్‌పీఎక్స్ ఎక్స్‌పో స్టార్ట్ --నో-డెవ్ --మినిఫై" అని నడిపి చూడండి, తప్పు జావాస్క్రిప్ట్‌దైతే ఇక్కడే బయటపడుతుంది. పడకపోతే ఫోన్‌ని కేబుల్‌తో పెట్టి ఏడీబీ లాగ్‌క్యాట్, అంటే ఫోన్ రాసుకునే ఎర్రర్ల చిట్టా, చూడాల్సిందే. మీరు రాసింది కనపడక పాతదే కనిపిస్తుంటే స్టార్ట్ తర్వాత "-సి" చేర్చండి, క్యాషే ఖాళీ అవుతుంది.

ముందు ముందు మీ యాప్‌కి సర్వర్ తగిలిస్తే ఒక మాట గుర్తుంచుకోండి. ఫోన్‌లో "లోకల్‌హోస్ట్" అంటే ఆ ఫోనే, మీ ల్యాప్‌టాప్ కాదు. ల్యాప్‌టాప్ ఐపీ అడ్రసు ఇవ్వాలి, ఎమ్యులేటర్లో అయితే 10.0.2.2. ఆండ్రాయిడ్ 9 నుంచి ఉత్త హెచ్‌టీటీపీని డిఫాల్ట్‌గా ఆపేస్తారు. టెస్టింగ్‌లో వచ్చి ఏపీకేలో డేటా రాకపోతే మొదట అడ్రసులో ఎస్ ఉందో లేదో చూడండి.

ప్లే స్టోర్, ఐఫోన్ గురించి అడిగేవాళ్ళకి

ప్లే స్టోర్ ఖాతాకి ఒక్కసారి 25 డాలర్లు. 2023 నవంబరు 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతాలకి ఇంకో మెలిక ఉంది: కనీసం 12 మంది టెస్టర్లు వరసగా 14 రోజులు మీ క్లోజ్డ్ టెస్టింగ్‌లో ఉండాలి, ఆ తర్వాతే అందరికీ విడుదల చేయడానికి అర్జీ పెట్టుకోవచ్చు. చుట్టాల వాట్సాప్ గ్రూపు ఉన్నది ఇందుకే అనుకోండి. మధ్యలో ఎవరైనా బయటికి వెళ్ళిపోయి సంఖ్య తగ్గితే కష్టం, అందుకని పదిహేను, ఇరవై మందిని చేర్చుకోండి.

ఐఫోన్‌కి ఏడాదికి 99 డాలర్లు. మ్యాక్ లేకపోయినా ఈఏఎస్‌లో బిల్డ్ అవుతుంది, కానీ ఆ ఖాతా లేకుండా దాన్ని ఐఫోన్‌లో పెట్టలేరు. ఎక్స్‌పో గోలో చూసుకోవడం వరకూ ఉచితమే. నేను ఇంట్లో అందరికీ ఏపీకేనే పంపాను. మా బావ ఒక్కడికే ఐఫోన్, అతను ఇంకా క్యాలెండర్ మీదే గీతలు పెడుతున్నాడు.